చిన్నత్తయ్యకు చూపించిన నంబరు

నిన్న పొద్దున మంగళగిరిలో, మా ఇంటి హాల్లో కూర్చుని మావారు ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయికి ఫోన్లో పాఠం చెబుతున్నారు. "చూడమ్మా, టేబుల్లో రికార్డు పక్కన కనపడే వరస నంబరు వేరు, రికార్డుకి మనం ఇచ్చిన నంబరు వేరు. కొత్త పేరు ఎక్కితే వరస మారిపోద్ది. మనమిచ్చింది మాత్రం చచ్చినా మారకూడదు." ఎండుమిర్చి తొడిమలు తీస్తున్న నా చెయ్యి ఆగిపోయింది. ఈ జ్ఞానం ఆయనకి ఆఫీసులో రాలేదు. సమాధుల తోటలో వచ్చింది.

మా అత్తగారి ఊరు పర్చూరు వైపు. కొన్నేళ్ళ కిందట ఒక ఈస్టరుకి ముందు అక్కడి చర్చివాళ్ళు సమాధుల తోటలో సర్కారుతుమ్మ కొట్టించి, సిమెంటు కట్టుకోలేనివాళ్ళ మట్టిదిబ్బలన్నిటికీ ఒక్కో రాయి పాతించారు. పెద్దలు పేర్లు చెబుతుంటే మావారు లాప్‌టాప్‌లో ఎక్కించారు. పేర్లు అక్షరక్రమంలో సర్దుకున్నాయి, పక్కన నంబర్లు వాటంతటవే పడ్డాయి. వాటినే రాళ్ళమీద ఎర్రరంగుతో రాయించారు. నేను చర్చి ఆడవాళ్ళ దగ్గర పోయిన గొప్పలు ఇప్పుడు తలుచుకుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఈస్టరు ముందురోజు ఎవరిదో పసిబిడ్డ పేరు మర్చిపోయామని గుర్తొచ్చి, అదీ ఎక్కించి, కొత్త కాగితం చర్చి గుమ్మానికి అంటించారు. మొత్తం ఎంతమందో లెక్క సరిపోయింది, అందరూ సంతోషించారు. ఆ పేరు 'అ'తో మొదలవుతుంది కాబట్టి పైకెళ్ళి కూర్చుందనీ, కిందివాళ్ళంతా ఒక్కో నంబరు జరిగారనీ ఎవరూ చూసుకోలేదు. రాళ్ళమీది నంబర్లు మాత్రం పాతవే.

ఊళ్ళోవాళ్ళకి కాగితంతో పనిలేదు, ఎవరి దిబ్బ ఎక్కడో వాళ్ళ కాళ్ళకే తెలుసు. పనిపడింది మా చిన్నత్తయ్యకి, అంటే మావారి పిన్నికి. ఆవిడ కొడుకు పెళ్ళీడుకి రాకుండానే పోయాడు, ఆ తోటలోనే ఉన్నాడు. వాడరేవులో ఉండే ఆవిడ, మోకాళ్ళ నొప్పులతో ఏళ్ళ తరబడి రాలేక, ఆ ఈస్టరుకి పట్టుబట్టి బయల్దేరింది. తెల్లవారుజామున పక్క కల్లాల్లోని మిర్చి ఘాటుకి తోటలో జనం పాడే పాటలో సగం దగ్గులే. కాగితం చూసి, ఆవిడ చెయ్యి పట్టుకుని నేనే నడిపించాను. "ఇటు కాదేమోనే అమ్మాయ్, మావాడు గోడ దగ్గరనుకుంటా" అంది. "లేదత్తయ్యా, కంప్యూటర్లో ఉంది" అన్నాను. ఆ మాట అన్న నా గొంతులోని ధీమా నాకింకా వినపడుతూనే ఉంటుంది. ఆవిడ నా వెంటే నడిచింది. రాయికి తన చేత్తోనే సున్నం వేసింది. బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి, రాయిని కావలించుకుని ఏళ్ళ ఏడుపంతా ఏడ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళూ కళ్ళు తుడుచుకున్నారు.

అప్పుడొచ్చాడు పూలబుట్టతో ఒక పెద్దాయన. "వందనాలమ్మా. ఇది మా నాయన రాయి అండి. మీరెవరి తాలూకు?"

మావారు పరుగున వచ్చి, వరస ఎలా జరిగిందో, నంబరు ఎలా మారిందో పదిమందికీ వివరించడం మొదలుపెట్టారు. ఆయన వివరించేకొద్దీ నేను భూమిలోకి కుంగిపోయాను. "నీ లెక్కలు తర్వాత చెబుదువుగానిరా, మావాడెక్కడ?" అంది చిన్నత్తయ్య. వాడు గోడ దగ్గరే ఉన్నాడు.

పెద్దాయన పూలూ కొవ్వొత్తులూ ఏరి ఇవ్వబోతే, "ఉండనీ బాబూ, పెట్టినవి తీయకూడదు" అంది. గోడ దగ్గర రాయి ముందు వట్టి చేతులతో కూర్చుంది. ఎంతసేపు కూర్చున్నా కంట తడి రాలేదు. చివరికి నావైపు తిరిగి, తనే ఏదో తప్పు చేసినదానిలా మెల్లగా అంది. "ఏడుపు రావట్లేదే అమ్మాయ్. అంతా అక్కడే అయిపోయింది."

టేబుల్ని మావారు ఆ మధ్యాహ్నమే సరిచేశారు. ఇప్పుడు ఎన్ని పేర్లు చేర్చినా ఎవరి నంబరూ కదలదు. కానీ చిన్నత్తయ్యకి మళ్ళీ ఆ ప్రయాణం చేసే ఓపిక రాలేదు. ఏళ్ళు గడిస్తే సిగ్గు తగ్గుతుందంటారు గానీ, నాకు మాత్రం ప్రతి ఈస్టరుకీ అది ఇంకాస్త పెరుగుతూనే ఉంది.