అక్క మాట పోయిన మూడు గంటలు

1986 ఏప్రిల్ 22, మంగళవారం, ఉదయం పదకొండు గంటల నలభై నిమిషాలు. వైద్యం చదువుతున్న అక్క మనవరాలు మొన్న పుస్తకం ముందేసుకుని, మెదడుకు నెత్తురు ఆగితే నరకణం ఎలా చనిపోతుందని అడిగినప్పుడు, నాకు పాఠం కాక ఆ వేళే గుర్తుకొచ్చి లేచిపోయాను.

ఆ రోజుల్లో నేను వరంగల్‌లో ఒక ప్రయోగశాలలో, నెత్తురాగిన ఎలుక మెదడులో కాల్షియం ఎంత పెరిగేదీ కొలిచేవాణ్ణి. ప్రాణవాయువు అందని కణం ముందు తన శక్తినంతా ఖర్చు చేసుకుంటుందనీ, ఆపైన కాల్షియం వరదలా లోపలికి జొరబడుతుందనీ, దానితో రెచ్చిన ఎంజైములే కణాన్ని లోపలినుంచి కొరికేస్తాయనీ, నడిమి భాగం నిమిషాల్లో పోయినా చుట్టూ అంచు కొన్ని గంటలు కొనప్రాణంతో ఉంటుందనీ విద్యార్థులకు బల్లగుద్ది చెప్పేవాణ్ణి.

ఆ మంగళవారం నేను అక్కావాళ్ళింట్లో ఉండగా, మిద్దె మీద మిరపకాయలు ఎండబోసి దిగివచ్చిన అక్క చేతిలోంచి గ్లాసు జారింది. మూతి ఒక పక్కకు లాగింది. బజారులో బట్టల కొట్టు నడిపే బావ వడదెబ్బే అని తేల్చి, అరికాళ్ళకు ఉల్లిగడ్డ రసం రాయించి, మజ్జిగ పట్టించసాగాడు. నేను చూసిన క్షణంలోనే అది పక్షవాతమని తెలుసుకుని, దవాఖానకు పోదామని గొణిగాను.

"ఎలుకల డాక్టరూ, నీ లెక్కలు ఎలుకలకు చెప్పుకోపో. జర నిమ్మలంగ కూసో!" అన్నాడు బావ. ఇంటిల్లిపాదీ నవ్వారు.

ఆ నవ్వుకు సిగ్గుపడి డైరీ తీశాను. 11.55, కుడిచెయ్యి లేవలేదు. 12.20, మాట ముద్దయింది. 12.50, మజ్జిగకు పొలమారింది. సొంత అక్కను ప్రయోగంలో ఎలుకను చూసినట్టు చూశాను. రెండూ నలభైకి ఆమె కళ్ళు తేలవేస్తేనే బావ రిక్షా పిలిచాడు.

దవాఖానలో ఎప్పుడు మొదలైందని అడిగితే, వేళలన్నీ వరుసగా, కొంత గర్వంగానే చదివాను. పెద్ద నర్సమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"గింత మంచిగ టైములు రాసినవ్ బిడ్డా, రిక్షాను పిలువనీకి చెయ్యి రాలేదా?"

నెత్తుటి గడ్డను కరిగించి మెదడును కాపాడే మందు అప్పుడు మా దవాఖానలో లేదన్న మాటతో ఏళ్ళ తరబడి నన్ను నేను సముదాయించుకున్నాను. కానీ ఊపిరితిత్తుల్లోకి దిగిన మజ్జిగ తెచ్చిన పదకొండు రోజుల జ్వరానికి ఆ సాకు చాలదు. మూతి వంకరపోతే దవాఖానకే తీసుకుపోవాలని ఇవాళ ఆటో నడిపేవాళ్ళకూ తెలుసు; ఆనాడు ఆ ఇంట్లో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

అక్క ఇంకా తొమ్మిదేళ్ళు బతికింది. పోయినవి: ఆమె కుడిచెయ్యి, రెండు తప్ప మాటలన్నీ. మిగిలినవి: ఎడమచెయ్యి, నవ్వు, ఆ రెండు మాటలు. ఒకటి 'సాలు'. రెండోది 'తమ్మీ'.