అడుగు కలపకు

"నీళ్ళ బకెట్టుతో మొదలైంది బాబూ ఇదంతా. కర్రకి మధ్యలో బకెట్టు తగిలించి, ముందు మా అన్న, వెనక నేను. ఇద్దరం ఒకేసారి ఎడమ కాలు వేశామా, బకెట్టు ఊగి సగం నీళ్ళు నా మీదే. 'అడుగు కలపకే మొద్దూ' అని తిట్టేవాడు. తను ఎడమ కాలు వేస్తే నేను కుడికాలు వెయ్యాలి. అలా నడిస్తే చుక్క తొణికేది కాదు."

పెద్దమ్మ మాట్లాడుతూనే మెట్లెక్కుతోంది. చిత్రశాల పైగదికి కాపలా ఉండే మనిషి ఆవిడ మోచెయ్యి పట్టుకుని, ఆవిడ ఆగినచోటల్లా తనూ ఆగుతున్నాడు. ఎవరైనా వింటేనే గాని ఆవిడ చెప్పదు, చెబితేనే గాని నడవదు. అందుకని వినడం కూడా అతని డ్యూటీలో భాగమైపోయింది. పెద్ద చదువులు లేవు అతనికి. వచ్చేపోయేవాళ్ళ మాటలు చెవిన వేసుకుంటూ బొమ్మలు చూడడం నేర్చుకున్నవాడు.

కింద వరండాలో బల్ల మీద ఆవిడ వదిన కూర్చుని ఉంది. మెట్లు చూస్తేనే ఆవిడ మోకాళ్ళు మొరాయిస్తాయి.

"నువ్వెళ్ళి చూసి రా," అని పంపింది ఆడపడుచుని.

"నాకు కనబడి చస్తేగా."

"కళ్ళు పోతేనేం, నోరుందిగా. అడిగి చూడు."

పెద్దమ్మ చూపు ఈమధ్యే చెడింది. పక్కలన్నీ కనిపిస్తాయి, ఎదురుగా ఉన్నది మాత్రం మసక. "నా బతుకులాగే," అంటుంది అడిగినవాళ్ళకి. పెద్దాసుపత్రిలో స్ట్రెచర్లు మోసి రిటైరయిన మనిషి. లిఫ్టు లేని పాత భవనం. ముందొకరు, వెనకొకరు, మధ్యలో రోగి. ఆ పనిలోకి వచ్చిన కొత్తవాళ్ళందరికీ ఆవిడ నేర్పిన మొదటి మాట అన్న దగ్గర నేర్చుకున్నదే.

"మరి శవాల గదికి తీసుకెళ్ళేటప్పుడు?" అని ఎప్పుడో అడిగాడు కాపలాదారు.

"అప్పుడు అడుగులు వాటంతటవే కలిసిపోతాయి నాయనా. ఎవరూ చెప్పక్కర్లేదు. తొణికేదేమీ లేదని కాళ్ళకే తెలిసిపోతుంది."

ఆ మాట ఆ రోజు విని ఊరుకున్నాడు. ఇవాళ మెట్టుమెట్టుకీ గుర్తొస్తోంది.

యుద్ధమొచ్చినప్పుడు అన్న తుపాకీ పట్టనన్నాడు. అయితే ఇది పట్టు అని స్ట్రెచర్ ఇచ్చారు. వెళ్ళాడు. తరవాత వచ్చింది 'ఆచూకీ తెలియదు' అన్న కబురొక్కటే. ఆ యుద్ధంలోనే ఎవరో వేసిన బొమ్మ, ఇప్పుడీ పైగదిలో ఉన్నది, కొన్నేళ్ళకి పత్రికలో అచ్చయింది. బురదనేల. పక్కన కట్టుగుడ్డల సంచితో ఒక నర్సు. ఇద్దరు మోసేవాళ్ళు, స్ట్రెచర్ మీద దుప్పటి కప్పిన మనిషి. ముందున్నవాడు తల తిప్పి చూస్తున్నాడు. వెనకవాడి వీపే మనకి కనిపించేది. ఆ వీపు తన మొగుడిదేనని వదిన పొయ్యి ఆర్పేసి కూలబడింది.

"ఆ చెవులు చూడు బాబూ," అనేది పెద్దమ్మ ఎప్పుడొచ్చినా. "రెండు తలుపులూ తీసి పెట్టిన బండిలాగా. మా ఇంట్లో తప్ప ఇంకెక్కడా దొరకవవి."

పత్రికలోని బొమ్మని కత్తిరించి వంటింటి గోడకి అంటించుకుంది వదిన. ఏడ్చి ఏడ్చి చివరికి ఒక్క మాట పట్టుకుని లేచింది: ఆయన పోతే పోయాడు, ఆయన మోసినవాడు బతికాడు. ఎక్కడో ఎవరో పిల్లాపాపలతో తిరుగుతున్నాడు. ఇన్నేళ్ళూ ఆ మాట మీదే అన్నం తిన్నది ఆవిడ.

కాళ్ళు మాత్రం ఎవరూ చూడలేదు. అచ్చులోనూ అంతే, అసలు బొమ్మలోనూ అంతే. కింది భాగమంతా పొగా జిడ్డూ పట్టి నల్లటి మడ్డిలా ఉండేది. మొన్న బొమ్మని దింపి, శుభ్రం చేసి, మళ్ళీ తగిలించారు. కాళ్ళు బయటపడ్డాయని కబురందగానే వదిన పట్టుబట్టింది. ఆయన అడుగు ఎలా వేశాడో తెలియాలి.

గదిలోకి వచ్చారు. కాపలాదారు తన కుర్చీని బొమ్మకి దగ్గరగా జరిపి పెద్దమ్మని కూర్చోబెట్టాడు. ఆవిడ తల పక్కకి తిప్పి, కంటి కొసతో పట్టుకోవాలని చూసింది. దొరకలేదు.

"నువ్వు చూసి చెప్పు."

అతను వంగాడు. బురద ఇప్పుడు గోధుమరంగులో తేటగా ఉంది. ముందువాడి ఎడమ మడమ పైకి లేచింది. దానికింద బురద వేలాడుతోంది. వెనకవాడి మడమా లేచే ఉంది. అదీ ఎడమదే. అతను లేచి, రెండడుగులు వెనక్కి వేసి, తన కాళ్ళు చూసుకుని, మళ్ళీ వంగాడు. ఎడమదే.

ఇన్నేళ్ళు ఈ బొమ్మకి ఎదురుగా కూర్చుని కునుకు తీశానే అనుకున్నాడు. ఆ కునుకే నయం.

"ఏం బాబూ?"

"బురద కదా పెద్దమ్మా... సరిగ్గా..."

"శుభ్రం చేశారన్నావుగా."

పెద్దమ్మ ఒళ్ళో చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"కలిపాడా?"

"కలిపాడు."

కిటికీ అవతల రోడ్డు మీద బస్సు ఆగి, మనుషుల్ని దింపి, కదిలిపోయింది.

"ఆయన కాదేమో పెద్దమ్మా," అన్నాడు. "చెవులదేముంది, ఎవరికైనా ఉంటాయి. వేసినవాడికి ఈ అడుగుల సంగతి తెలియకపోయి ఉండొచ్చు కూడా."

"ఉండొచ్చు," అంది ఆవిడ. "వాడు కాదంటే, మా వదిన ఇన్నేళ్ళూ ఎవడి వీపుకో అన్నం చూపించి తిన్నట్టు. వాడే అంటే, ఆ స్ట్రెచర్ మీద పీనుగు ఉన్నట్టు. ఏది తీసుకెళ్ళమంటావు కిందికి?"

అతను మళ్ళీ ఆ మడమల వైపు చూశాడు.

ఆవిడ బొమ్మ కోసం మరోసారి తల పక్కకి తిప్పింది. "వాడే," అంది చివరికి, తనలో తను. "మోస్తున్న మనిషి పోయాడని తెలిసీ దింపలేదు చూడు. చేతులు ఖాళీ చేసుకుని పరిగెత్తి ఉంటే ఇంటికొచ్చేవాడేమో." అంతలోనే కొంగు సర్దుకుంది. "సరే. ముసలిదాన్ని కింద ఎంతసేపు కూర్చోబెడతాం."

అతను చెయ్యి అందించాడు. ఆవిడ పట్టుకోలేదు.

"నేనిక్కడే ఉంటాను. నువ్వెళ్ళు. అడుగు కలపలేదని చెప్పు మా వదినకి. నేను చెబితే గొంతును బట్టే అబద్ధం పట్టేస్తుంది, ఒకే ఇంట్లో ముసలాళ్ళమయ్యాం. నీ గొంతు ఆవిడకి కొత్త. నవ్వుతూ చెప్పకు, జాలిగా చెప్పకు. ఏ గది ఎటుందో చెబుతావే రోజూ, అలా చెప్పు. వెళ్ళు నాయనా."