వార్పు లేని వంట

అరవై మంది తినవలసిన భోజనాన్ని గోడకు అంటించిన మనిషిని నేను. ఇందులో అలంకారం ఏమీ లేదు. నిజంగానే గోడకు, నిజంగానే భోజనాన్ని. నా భార్య సుగుణ ఉన్నన్నాళ్లూ ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ ఈ కథ తనే చెప్పేది. తను పోయాక ఆ పని నా మీద పడింది. తన అంత బాగా చెప్పలేను. అయినా మీరు నవ్వడానికి వెనకాడకండి.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. సిద్దిపేటలో కాలేజీకి తాళం, ఆఫీసులకు తాళం. నేను కాలేజీలో లైబ్రేరియన్‌ని. తాళం వేసిన లైబ్రరీకి లైబ్రేరియన్ అంటే పెళ్లిళ్లు లేని నెలలో బ్యాండుమేళం లాంటివాడు. రోజూ టెంటు కింద కూర్చుని వచ్చేవాణ్ణి. ఒకనాడు కరీంనగర్ రోడ్డు మీద వంటావార్పు అన్నారు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అందరూ కలిసి అక్కడే తినడం. శాఖకొక పొయ్యి. మా కాలేజీలో ఆటలు ఆడించే యాదగిరి సారు మా పొయ్యిని సుగుణకు అప్పజెప్పాడు. "మనది సుగుణక్క వంట!" అని టెంటులో మైకు పట్టుకుని మరీ చెప్పాడు.

ఆ వారమే సుగుణ వాకిట్లో జారిపడి కుడి మణికట్టుకు కట్టు వేయించుకుంది.

"ఏం గాదు. పక్కింటి రజియా ఆపా వండుతది, నేను పక్కన కూసోని చెప్త" అంది.

"వద్దు. డాక్టర్ కదలొద్దన్నడు. వంట సంగతి నేను జూసుకుంట" అన్నాను.

నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "మీరా? చాయపత్తి ఏ డబ్బల ఉంటదో చెప్పున్రి జర."

"పుస్తకాలల్ల దొరకనిది ఏముంటది?"

"సరే. గని గది నా పేరు మీద పెట్టిన పొయ్యి. అరవై మంది ఆకలితోని లేస్తే మిమ్మల్నేమనరు. సుగుణ వంట గిట్లనే ఉంటదట అంటరు. యాదికుంచుకోన్రి."

యాదికుంచుకున్నాను. అందుకే పుస్తకాలు కూడా తిప్పకుండా, హైదరాబాద్ మీటింగుకు పోతున్న జీపు ఎక్కి, అక్కడ సేంద్రియ ఆహారాలు అమ్మే ఒక దుకాణం వెతుక్కున్నాను. నాకో జబ్బు ఉంది. అచ్చులో ఉన్నదేదైనా నమ్ముతాను. ఖాకీరంగు పాకెట్ మీద మట్టికుండ బొమ్మ, దాని కింద ఇట్లా ఉంది: "కొర్రల కిచిడీ. పూర్తిగా సహజం. రసాయనాలు లేవు. అమ్మమ్మ చేతి రుచి. వేడినీళ్లు పోసి ఐదు నిమిషాలు మూత పెట్టండి." ఆ అమ్మమ్మ ఎవరి అమ్మమ్మో, ఏ ఊరామెనో నేను అడగలేదు. రెండు అట్టపెట్టెల నిండా కొన్నాను.

మరునాడు రోడ్డు మీద పొగే పొగ. మా కుడిపక్క ఆర్టీసీ వాళ్లు బగారన్నానికి ఉల్లిగడ్డలు కోసుకుంటూ ఏడుస్తున్నారు. ఎడమపక్క రెవెన్యూ వాళ్లు బియ్యానికి ఎసరు ఎంతన్న దానిమీద రెండు వర్గాలుగా చీలిపోయారు. నేను పొయ్యి మీద పెద్ద గంజులో నీళ్లు పెట్టి, కుర్చీ వేసుకుని పేపరు విప్పాను.

"సార్, అందరు ఉరుకులాడుతున్నరు. మీరు గిట్ల కూసున్నరేంది?" అన్నాడు యాదగిరి.

"మనది ఐదు నిమిషాల వంట యాదగిరీ. వాళ్లది పాతకాలం పద్ధతి."

నీళ్లు మరిగాయి. పాకెట్లన్నీ చింపి ఒకేసారి గుమ్మరించి మూత పెట్టాను. సరిగ్గా అప్పుడే మైకులో పెద్దమనిషి ఒకాయన ప్రసంగం మొదలుపెట్టాడు. ప్రసంగం అయ్యేదాకా ఎవరూ విస్తరి ముట్టవద్దని నియమం. వంట ఐదు నిమిషాలు, ప్రసంగం గంటన్నర. ఈ పరిస్థితిలో ఏం చేయాలో పాకెట్ మీద రాసి లేదు. చల్లారకుండా ఉండాలని నేను కింద మంట ఆపలేదు. అడుగంటకుండా ఉండాలని కలుపుతూనే ఉన్నాను. కలిపిన కొద్దీ అది ఉబ్బింది, సాగింది, నా చెయ్యి పట్టుకుని లోపలికి గుంజడం మొదలుపెట్టింది.

"సార్, గంటె నిలబడ్డది" అన్నాడు యాదగిరి భయంగా.

చూశాను. గంటె ఎవరి సాయమూ లేకుండా నిటారుగా నిలబడి ఉంది. "నిలబడాలె మరి, ఉద్యమం గద" అన్నాను.

ప్రసంగం ముగియగానే విస్తట్లో కొంచెం వేయబోయాం. పడలేదు. గంటెను తిరగేసి కొట్టాం. విస్తరి కూడా పైకి లేచింది. సరిగ్గా అప్పుడు రజియా ఆపా వచ్చి గంజులోకి తొంగి చూసింది.

"అన్నా, గిదేంది?"

"కిచిడీ ఆపా. సేంద్రియం."

"వంట గిట్ల అయింది, సరే. మరి వార్పుడేది?"

"ఏం వార్పుడు?"

"అయ్యో అల్లా! గా బ్యానర్ మీద ఏం రాసున్నది? వంటా, వార్పు. అన్నం ఉడికినంక గంజి వార్చాలె గద. దీంట్ల గంజేది? ఏం వార్చుతవ్ అన్నా, గంజునా?"

ఆర్టీసీ పొయ్యి దగ్గర నవ్వులు మొదలై రెవెన్యూ పొయ్యి దాకా పాకాయి. పాకెట్ ముందువైపు ప్రతి అక్షరమూ చదివిన నేను, నెత్తి మీద వేలాడుతున్న బ్యానర్‌లో రెండో మాట చదవలేదు.

అంతలో ఆటో ఒకటి ఆగింది. కట్టు కట్టిన చెయ్యి ముందు దిగింది, తర్వాత సుగుణ దిగింది. ఆటోలో బియ్యం మూట, పొద్దున్నే నానబెట్టిన పప్పు, చింతపండు.

"నీకెట్ల తెల్సింది?" అన్నాను.

"మిమ్మల్ని చేసుకోని పద్దెనిమిదేండ్లాయె. ఇంకెట్ల తెలుస్తది? లేవున్రి. బియ్యం కడుగున్రి."

ఆ పూట ఆమె కుర్చీలో కూర్చుంది, నేను వండాను. అన్నం ఉడికాక నా చేతికి గుడ్డలిచ్చింది. "మూత గట్టిగ పట్టుకోన్రి. వంచున్రి. ఆగున్రి, బెదరకున్రి. గంజే, పులి గాదు." బొటనవేలు కాలింది. గంజి మాత్రం తెల్లగా ధారగా దిగింది. అందులో ఉప్పు వేసి మొదటి గ్లాసు నాకే ఇచ్చింది. అరవై మందీ పప్పూ అన్నం తిని, సుగుణక్క వంట అంటే వంటే అన్నారు. నా పేరు ఎవరూ ఎత్తలేదు. అంత మర్యాద నాకు మళ్లీ ఎప్పుడూ దక్కలేదు.

మిగిలింది ఆ కిచిడీ. యాదగిరి దాన్ని వేలితో తాకి, వేలు ఊడదీసుకోవడానికి కాసేపు తంటాలు పడి, మెరిసే కళ్లతో అన్నాడు: "సార్, పోస్టర్లు అంటించే మైదా లై ఒడిసిపోయింది. గిది పనికొస్తది."

సాయంత్రానికి కాలేజీ గోడ పొడుగునా పోస్టర్లు అంటుకున్నాయి. ఇటుక ఊడితే ఊడేది గాని పోస్టరు ఊడేది కాదు.

మరునాడు పొద్దున యాదగిరి ఇంటిముందు అరుస్తున్నాడు. "సార్! మన పోస్టర్లన్ని చింపేసిన్రు! గిది పోలీసుల పనే. ర్యాలీ తియ్యాలె!" అందరం గోడ దగ్గరికి పరుగెత్తాం. చివరి పోస్టరు ఇంకా ఉంది. రజియా ఆపా మేకలు రెండు దాన్ని రెండు కొసలనుంచీ తృప్తిగా నములుతున్నాయి.

"అన్నా, గా పాకెట్లు ఇంకేమన్న ఉన్నయా?" అంది రజియా ఆపా. "నిన్నటి సంది ఇవి గడ్డి ముట్టుతలెవ్వు."

"పూర్తిగా సహజమని రాసిన్రు గద. అబద్ధం రాయలేదు" అంది సుగుణ. నవ్వి నవ్వి గోడకు ఆనుకుంది.

అట్లాంటి పాకెట్లు కొనవచ్చా అని ఈమధ్య బంధువులు అడుగుతుంటారు. కొనండి. అందులో కొర్రలు మంచివే, తప్పు నాది. పాకెట్ వెనక చిన్న అక్షరాల్లో "ఒక్కరికి సరిపోతుంది" అని కూడా ఉంది. ఆనాడు ఆ ఒక్క ముక్క చదవలేదు. ఇప్పుడు ఇంట్లో నేను ఒక్కణ్ణే, కాబట్టి అది నాకోసమే రాసినట్టుంది. అయినా పూటపూటా బియ్యం కడుగుతాను, మూత గట్టిగా పట్టుకుంటాను, బెదరకుండా వంచుతాను. మొదటి గ్లాసు గంజి ఎవరిచ్చారో గుర్తుంది. ఆ చెయ్యి నేర్పిన పని ఇది ఒక్కటే నాకు వచ్చు. ఇదొక్కటీ రోజుకు రెండుసార్లు నన్ను నిలబెడుతోంది.

కాబట్టి సిద్దిపేట వాస్తవ్యుడనైన నేను ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ముందు బ్యానర్, తర్వాతే పాకెట్ చదువుతాను, ఎవరి అమ్మమ్మో తెలియని చేతి రుచిని అరవై మందికి పెట్టను, మేకలకు ముందుగా తెలియజేయకుండా గోడకు భోజనం అంటించను. దీనికి సాక్షులు ముగ్గురు: సుగుణ, ఆ రెండు మేకలు. ఆ ముగ్గురిలో ఇవాళ ఒక్కరూ లేరు. అయినా ప్రమాణం తప్పను. గంజి వార్చేటప్పుడు పక్కన కుర్చీ ఇప్పటికీ వేసే ఉంచుతాను.