నలభై మూడో మెట్టు

పొద్దున ఆరు నుంచి ఏడు దాకా నలభై మూడో మెట్టు దగ్గర పదకొండు మంది తడబడ్డారు. ఇద్దరు చెప్పుల్ని తిట్టుకున్నారు. ఒకాయన వెనక్కి తిరిగి మెట్టు వంక అనుమానంగా చూసి, మళ్లీ తన దారిన పోయాడు. మెట్ల మధ్య విశాలంగా ఉన్న పై చప్టా మీద కూర్చున్న తాపీ మేస్త్రి అందరినీ చూశాడు.

ఆయన్ని అందరూ మట్టం మేస్త్రి అంటారు. ఆయన కట్టిన గోడ నిటారుగా ఉందో లేదో గుండు వేలాడదీసి చూడక్కర్లేదని పేరు. మున్సిపాలిటీలో ముప్ఫై ఏళ్లుగా పని, ఇంకో ఎనిమిది నెలల్లో రిటైర్మెంటు. రోడ్డు మీంచి సముద్రపు ఇసుకలోకి దిగే ఈ మెట్లు కట్టిందీ ఆయనే, ఇరవై రెండేళ్ల కిందట, బావమరిదితో కలిసి. వానలు ముంచుకొస్తున్నాయని రెండు చప్టాల మధ్య ఉన్న ఈ పద్దెనిమిది మెట్ల వరసని ఆయన కింది నుంచీ, బావమరిది పైనుంచీ మొదలుపెట్టారు. మధ్యలో కలిసేసరికి అంగుళం తేడా వచ్చింది. పగలగొట్టే తీరిక లేదు. ఆ అంగుళాన్ని ఒక్క మెట్టులో కూరేశారు.

అక్కడ ఎవరో పడ్డారని విన్న రోజు ఆయనకు ముద్ద దిగదు. పడ్డవాళ్లు నాచన్నారు, ఇసుకన్నారు, వయసన్నారు. మేస్త్రి మీదికి మాట రాలేదు. పోయిన నెల ఒక టీచరమ్మకు మణికట్టు విరిగింది.

ఇప్పుడు మెట్లకు కొత్త హంగులు వస్తున్నాయి. పట్టుకోడానికి కమ్మీలు, దీపాలు, నీలం టైల్సు. ఇంజినీరమ్మ నమూనా టైలు తెచ్చింది. మేస్త్రి దాని మీద నీళ్లు పోసి, "చెప్పు విప్పి ఒకసారి కాలు పెట్టండమ్మా" అన్నాడు. పెట్టింది. జారి ఆయన భుజం పట్టుకుంది.

"సరే, అడుగు పడేచోట గరుకు రాయి వేద్దాం. టైలు నిలువు వైపుకే" అంది.

తర్వాత టేపుతో ఒక్కో మెట్టూ కొలుస్తూ వచ్చి, నలభై మూడు దగ్గర ఆగింది. "ఇదేంటి, అంగుళం ఎక్కువుంది?"

పక్కనే ఉన్న బావమరిది అందుకున్నాడు. "సముద్రం పక్కన కదమ్మా, నేల కుంగుంటుంది. టైలు కింద సిమెంటు పట్టీ వేస్తే కనపడదు."

"అలా కానిచ్చేద్దామా మేస్త్రిగారూ?"

ఆయన మోకాలు నిమురుకున్నాడు. పట్టీ అయితే పూట పని. టైలు అంటుకుందంటే ఇంకో పాతికేళ్లు ఆ మెట్టు జోలికి ఎవరూ రారు. పడేవాళ్లు పడుతూనే ఉంటారు.

"నేల కుంగలేదమ్మా. మేమే తప్పు కట్టాం."

"నోరు మూసుకోలేవా బావా?" అన్నాడు బావమరిది. "ఎనిమిది నెలలు ఓపిక పడితే మర్యాదగా సాగనంపేవాళ్లు."

"నీ అంగుళమేరా అది."

"నాదెలా అవుద్ది? నేను పైనుంచి సరిగ్గానే దిగా. కిందనుంచి ఎక్కుతూ లెక్క తప్పింది నువ్వు."

"ఇరవై రెండేళ్లుగా ఇదే పాట. నాకిక ఓపిక లేదు."

ఇంజినీరమ్మ టేపు చుట్టింది. "ఈ ఒక్కటీ చెక్కేస్తే సరిపోదా?"

"చెక్కితే ఆ అంగుళం పై మెట్టు మీద పడుద్దమ్మా. ఈ చప్టా నుంచి ఆ చప్టా దాకా పద్దెనిమిదీ తీసి, అన్నింటికీ పంచాలి."

"పగలగొట్టాలంటే కారణం రాయాలి. ఎవరు కట్టారో కూడా."

"నా పేరు రాయండి. వీణ్ణి వదిలేయండి, లేకపోతే మా ఆవిడ నన్ను గుమ్మం తొక్కనివ్వదు."

శనివారం ఆయన చేతికి మెమో వచ్చింది. ముప్ఫై ఏళ్లలో అదే మొదటిది. రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. సోమవారం మెట్లకు అడ్డంగా తాడు కట్టి, పక్కదారి చూపిస్తూ బోర్డు పెట్టారు. బావమరిది గొణుక్కుంటూనే సమ్మెట అందుకున్నాడు. సాయంత్రానికి నాలుగు మెట్లు ఊడొచ్చాయి. ఇంకా పద్నాలుగు ఉన్నాయి.