కంచు నుదుట బొట్టు

పెద్దాయన పోయారని పోయిన వారం పొద్దున్నే ఫోన్ వచ్చింది. చేసింది వాళ్ళమ్మాయి. ఆమె ఉండేది వాంకూవర్‌లో. తండ్రికి బాగాలేదని కొన్నాళ్ళుగా బ్రాంప్టన్‌లోనే ఉంటోంది. నాకు అర్థమయ్యేలా ఇంగ్లీషులో మెల్లగా చెప్పింది.

"నాన్న రాత్రి పోయారు. నీ తల మా దగ్గర ఉంది. వచ్చి తీసుకెళ్ళు."

ఆ మాట వింటే ఎవరికైనా భయమేస్తుంది. నాకు ఏడుపు వచ్చింది, దాంతో పాటే ఆత్రమూ. తల వచ్చేసిందా! మరి ఆయన చూశారా? అదొక్కటే అడగాలనిపించింది. గొంతులో ఇంగ్లీషు అడ్డం పడింది. "వస్తాం" అని మాత్రం అన్నాను.

ఆయన మాకు చుట్టం కాదు. కెనడా వచ్చిన కొత్తలో మేము అద్దెకున్న బేస్‌మెంట్ ఆయనది. పుట్టింది జర్మనీలో. రంగులతో బొమ్మలు వేయడం, మట్టితో మనుషుల తలలు చేయడం ఆయన పని. మా ఆయన అప్పుడు కాలేజీలో చదువుతూ గోదాములో పార్ట్ టైమ్ చేసేవారు. ఆ వీధిలో ఏ బేస్‌మెంట్ తలుపు తట్టినా చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలే. నేనేమో ఏడో తరగతితో ఆపేసినదాన్ని. ఎవరైనా పలకరిస్తే తల దానంతటదే కిందికి వాలిపోతుంది, చిన్నప్పటి నుంచీ అంతే. అందుకే మొదట్లో పెద్దాయనలో నేను చూసింది బూట్ల వరకే. వాటి నిండా రంగు చుక్కలు. పొద్దున్నుంచి ఆయన ఏ రంగు వాడారో బూట్లు చూసి చెప్పేదాన్ని.

ఆయన ముఖం మొదటిసారి చూసిన రోజు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు. చలికాలం సాయంత్రం. మా ఆయన షిఫ్టు నుంచి వచ్చి పడుకున్నారు. ఉన్నట్టుండి పెద్దాయన మా తలుపు దబదబా బాదుతూ, "రా! త్వరగా! పోతోంది!" అని కేకలు పెట్టారు. ఇల్లు అంటుకుందనుకున్నాను. పాస్‌పోర్టులూ పర్మిట్ కాగితాలూ ఉన్న సంచి చంకన పెట్టుకుని, స్వెటరైనా లేకుండా, చెప్పులతో మంచులోకి పరుగెత్తాను. ఎక్కడా పొగ లేదు. పెద్దాయన వీధి చివరికి చెయ్యి చాపి నిలబడి ఉన్నారు. అక్కడ గోదాము కప్పు మీద పేరుకున్న మంచు గులాబీ రంగులో మెరుస్తోంది. దాని నీడ నీలంగా ఉంది. అప్పటిదాకా మంచంటే తెలుపే అనుకున్నాను నేను! నోరు తెరుచుకుని చూస్తుండగానే ఆ రంగు పోయింది.

"చూశావా? పోయింది" అన్నారు ఆయన, ఏదో గెలిచినట్టు.

లోపలికి వస్తే మా ఆయన లేచి కూర్చుని ఉన్నారు. "ఇల్లు అంటుకుందని పాస్‌పోర్టులు పట్టుకొని ఉరికినవ్. మరి నన్నెందుకు లేపలే?"

"మీరు లేస్తరులే అనుకున్న."

"మంచిదే. నేను కాలిపోయినా నీ వీసా భద్రం!"

ఆ తర్వాత పెద్దాయన "పోతోంది!" అని కేకేస్తే కోటు వేసుకునే పరుగెత్తేదాన్ని. ఆయనకు అది ఏ వందో సాయంత్రమో, వెయ్యో సాయంత్రమో. అయినా ప్రతిసారీ చిన్నపిల్లాడిలా గంతులేసేవారు. ఒకప్పుడు అక్కడంతా పొలాలేనట. ఆ పొలాల బొమ్మలు గ్యారేజీ గోడల నిండా ఉండేవి. పక్కనే అదే చోట లేచిన గోదాములూ, వాటి ముందు లారీలూ కూడా వేశారు. పొలం పోయిందని బాధ లేదా అని మా ఆయనతో అడిగిస్తే, "పొలం పోయింది. వెలుతురు ఇంకా అక్కడే పడుతోంది, దాన్ని వదులుకోనా?" అన్నారు.

ఆ గ్యారేజీలో కారు ఉండేది కాదు. అరల నిండా తలలే. బేస్‌మెంట్‌లో అంతకుముందు ఉండి వెళ్ళిన పిల్లల తలలు. ఒకడికి చెవిలో ఇయర్‌ఫోన్ కూడా ఉంది. ఆయన నన్నూ కూర్చోమన్నారు. నా తల కిందికి వాలిపోయింది. ఇక ఎత్తితేగా!

ఆయన విసుక్కోలేదు. "ముఖం వద్దులే. అటు తిరిగి కూర్చో" అన్నారు.

అలా నా బొమ్మ జడతో మొదలైంది. ఆదివారాలు మా ఆయన పుస్తకాలు పట్టుకుని ఒక మూల కూర్చునేవారు. నేను వీపు పెద్దాయన వైపు పెట్టి, ఒళ్ళో పళ్ళెంలో మెంతికూర తుంపుకుంటూ ఉండేదాన్ని. కదలొద్దని ఒక్కసారి కూడా అనలేదు. బొమ్మకి వెనక అంటూ ఏదీ ఉండదనీ, ఎటు చూస్తే అటే ముందనీ అనేవారు. ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ అంతంతమాత్రమే. నాకు అర్థమైనట్టు రాస్తున్నాను.

మట్టి తల ఒక తిరిగే పీట మీద ఉండేది. ప్రతి ఆదివారం దాన్ని కొద్దిగా తిప్పేవారు. నా కుర్చీనీ అంతే తిప్పేవారు. జడ అయింది, మెడ అయింది, ఒక చెవీ దాని కమ్మా వచ్చాయి. తర్వాత చెంప. నాకు తెలియకుండానే నేను ఆయన వైపు తిరుగుతున్నాను! ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేదాన్ని. కళ్ళు మాత్రం కుదరలేదు. రెప్పలు వాల్చి చేస్తానని పెద్దాయన అంటే మా ఆయన సరేనన్నారు, కానీ చివరికి పెద్దాయనకే నచ్చలేదు. "వస్తాయి. ఆగుదాం" అన్నారు.

ఈలోగా సంగతి వీడియో కాల్‌లో మా అత్తమ్మకు తెలిసిపోయింది.

"బొమ్మలు పోయినోళ్ళకు పెడ్తరు బిడ్డా! బతికున్న మనిషికి, అందులో తలకాయ ఒక్కటే చేసుడేంది? వద్దని చెప్పు."

రెండు ఆదివారాలు వెళ్ళలేదు. బేస్‌మెంట్‌లో కూర్చుంటే పైన ఆయన అడుగుల చప్పుడు వినిపించేది. నా మనసంతా ఆ మట్టి తల మీదే. సగం ముఖంతో ఎండిపోతుందేమోనని. చివరికి మా ఆయన ఉన్నమాట చెప్పేశారు. పెద్దాయన గట్టిగా నవ్వి, అరలోంచి ఒక పాత తల దించి, అత్తమ్మకు ఫోన్ కలపమన్నారు. నేను తెరకు ఓరగా నిలబడ్డాను.

"ఇది నేను. మీ కోడలి వయసులో చేసుకున్నా. చూడండి, ఇంకా ఉన్నాను!" అంటూ ఆ తల పక్కన తన తల పెట్టి ఇకిలించారు. మా ఆయన తెలుగులో చెప్పారు.

అత్తమ్మ చాలాసేపు చూసింది. "అప్పుడు ముసలాయనకు జుట్టు మంచిగనే ఉండె" అంది. తర్వాత నాతో, "సరే చేయించుకో. కానీ బోసి నుదురుతోని ఉంచనియ్యకు. ముత్తైదువ ముఖం."

సరే అన్నాను కానీ ఆయనకు ఎలా చెప్పను? మా ఆయన వారమంతా షిఫ్టుల్లో ఉన్నారు. మట్టి ఎండిపోకుండా రోజూ గుడ్డ తడిపే పని పెద్దాయన నాకే అప్పజెప్పారు. శనివారం గుడ్డ విప్పాను. నుదురు నున్నగా, ఖాళీగా ఉంది. బఠాణీ గింజంత మట్టి తీసి, ఉండ చేసి, కనుబొమల మధ్య వేలితో అదిమాను. మళ్ళీ గుడ్డ కప్పేసి, ఒక్క పరుగున కిందికి వచ్చేశాను.

ఆదివారం ఆయన గుడ్డ తీశారు. తీసి, అలాగే ఉండిపోయారు. పీట తిప్పారు. మళ్ళీ ముందుకు తిప్పారు. ఆయన పనిలో నేను చెయ్యి పెట్టాను. కోప్పడతారా? గీకి పారేస్తారా? ఉండబట్టలేక తలెత్తి, నేరుగా ఆయన ముఖంలోకి చూశాను.

"ఆగు! కదలకు!" అని అరిచారు.

మెంతికూర పళ్ళెం కింద పడింది. ఆయన పట్టించుకోలేదు. రెండు చేతుల బొటనవేళ్ళూ మట్టిలో గబగబా ఆడుతున్నాయి. "అవే! అవే కళ్ళు! పోతాయి, పోతాయి" అంటున్నారు, ఆ మంచు మీద రంగును గురించి అన్నట్టే. అవి పోకూడదని నేను రెప్ప వేయకుండా చూశాను. నీళ్ళు కారుతున్నా చూశాను. మూలలోంచి మా ఆయన, "నా దిక్కు ఎప్పుడన్నా గట్ల చూసినవా?" అన్నారు.

చివరకు పెద్దాయన వెనక్కి జరిగి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, ఒక వేలు బొట్టు వైపు చూపించి, "అది నీ పని. నేను ముట్టుకోను" అన్నారు.

తర్వాత ఆ తలకు అచ్చు తీసి కంచులో పోత పోయడానికి పంపారు. దానికి నెలలు పడతాయన్నారు. మా ఆయనకు ఓక్‌విల్‌లో ఉద్యోగం వచ్చి మేము ఇల్లు మారాం. పెద్దాయన మంచాన పడ్డారు. చూడడానికి వెళితే కంటిచూపు మందగించిందని చెప్పి, "నా వెలుతురు పోతోంది. ఆ తల త్వరగా రావాలి" అన్నారు. అందుకే ఆ రోజు ఫోన్‌లో నాకు అడగాలనిపించింది ఆ ఒక్క మాటే.

బ్రాంప్టన్ వెళ్ళాక, ఇంగ్లీషు సంగతి మరిచిపోయి అడిగేశాను. "చూశారా?"

వాళ్ళమ్మాయి నన్ను ఆయన గదిలోకి తీసుకెళ్ళింది. "చూశారు. వేళ్ళతో" అంది.

తల వచ్చేసరికి ఆయనకు చూపు ఆనడం లేదట. పక్కలో పెట్టమన్నారట. జడ దగ్గర మొదలుపెట్టి, మెడ, చెవి, కమ్మ, చెంప, కళ్ళు, అన్నీ తాను చేసిన వరసలోనే తడుముకుంటూ వచ్చారట. చివరికి బొటనవేలు బొట్టు మీద ఆగింది.

"'ఇది నాది కాదు' అన్నారు నాన్న. ఎందుకో చాలాసేపు నవ్వారు" అని చెప్పి, ఆమె నావైపు చూసింది. "ఎందుకు నవ్వారో నీకు తెలుసా?"

తల దించుకోలేదు నేను. వచ్చిన ఇంగ్లీషులో, ఆమె కళ్ళలోకి చూస్తూ, మొత్తం చెప్పాను.

ఇప్పుడా తల ఓక్‌విల్‌లో మా ముందు గది కిటికీ దగ్గర ఉంది. సాయంత్రం ఎండ ముందు జడ మీద పడి, చెంప మీదికి జారుతుంది. ఆ వేళకు నేను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, "రండి! జల్ది! పోతుంది!" అని మా ఆయన్ని కేకేస్తాను. ఆయన వచ్చేసరికి గదంతా మసకబారుతుంది. కంచు నల్లబడుతుంది. నుదుటి మీద బఠాణీ గింజంత బొట్టు మాత్రం ఇంకా కాసేపు మెరుస్తూనే ఉంటుంది.