సత్తమ్మ ఇంటి బాత్రూం

మోత్కూరులో మేస్త్రీ దొరకడమంటే మాటలు కాదు. పనొచ్చినవాళ్లంతా హైదరాబాదు అపార్ట్‌మెంట్లు కట్టడానికి పోయారు. మా పక్కింటి సత్తమ్మకు కాపురానికి వచ్చిన నాటి నుంచి ఒకటే కోరిక, తలుపున్న బాత్రూం. గొర్లు కాసే ఆమె మొగుడు గుర్వయ్య ఇటుకలైతే తెచ్చిపెట్టాడు గానీ కట్టే మనిషేడీ? పెరట్లో పాత చీరలు అడ్డం కట్టి, ఎగిరే చీరను ఒక చేత్తో, చెంబును ఇంకో చేత్తో పట్టుకుని స్నానం చేసేది. చూస్తే నాకే ఏడుపొచ్చేది.

ఇంతలో మేస్త్రీల కొరత తీరుస్తామంటూ ఒక శిక్షణ సంస్థ దిగింది. గోడలు కట్టి నేర్చుకోవడానికి జాగా కావాలట. సూపర్‌వైజరు దామోదర్ సత్తమ్మ పెరడు చూసి మురిసిపోయాడు.

"మీ బాత్రూమే కడ్తమమ్మా. పైస ఇయ్యొద్దు."

సత్తమ్మ రోజూ అందరికీ చాయ్ పోసింది. గోడలు లేచాయి. సర్టిఫికెట్లు పంచి, గోడల ముందు ఫొటో దిగారు. మర్నాడు అదే దామోదర్ వచ్చి గోడలు విప్పించాడు.

"గిదేంది సారూ?" అంది సత్తమ్మ.

"కొత్త బ్యాచొస్తాందమ్మా. గోడ ఉంటే వాళ్లేం కడ్తరు? గందుకే మట్టితోని కట్టించిన. ఇటుకలు పగలకుంట ఊడొస్తయి."

ఆ మనిషి బుర్రలో ఏముందో నాకిప్పటికీ అంతుపట్టదు. బ్యాచి వెనక బ్యాచి, కట్టడం, ఫొటో దిగడం, విప్పడం. ఇటుకల మూలలు అరిగిపోయాయి. నేర్చుకున్నవాడు నేర్చుకున్నట్టే హైదరాబాదు బస్సెక్కేవాడు. చివరికి నేర్పే మోయిజ్ మేస్త్రీ కూడా ఎక్కేశాడు.

మేస్త్రీల కొరత తీర్చే సంస్థకే మేస్త్రీ కరువైంది. ప్రతి బ్యాచినీ మొదటి నుంచి చివరిదాకా చూసిన మనిషి ఊళ్లో సత్తమ్మ ఒక్కతే. దామోదర్ పసుపు హెల్మెట్ తెచ్చి, ఇక నువ్వే నేర్పాలంటూ ఆమె చేతిలో పెట్టాడు.

"నేర్పుత గని, మట్టి వద్దు, సిమెంటు తే. తలుపు గూడ పెట్టాలె. తలుపు బిగించుడు రాకపోతే గదేం మేస్త్రిపని?" అంది సత్తమ్మ.

ఫొటో దొరికితే చాలని అతను ఒప్పుకున్నాడు.

గోడలు కాస్త వంకరగానే లేచాయి, అబద్ధమెందుకు. పైకప్పు లేదు గానీ తలుపు బిగిసింది. ఫొటో అయ్యింది. మర్నాడు దామోదర్ సుత్తెల మనుషులతో వచ్చేసరికి లోపల గడియ పడి ఉంది. నీళ్ల చప్పుడు వినిపిస్తోంది.

"బయటికి రా అమ్మా. కొత్త బ్యాచొచ్చింది."

"తానం చేస్తున్న సారూ. జర ఆగుండ్రి."

ఆడమనిషి స్నానం చేస్తుంటే గోడెలా కూల్చుతారు? వాళ్లు పోయి గొర్లదొడ్డి నీడలో కూర్చున్నారు. పొద్దు నడినెత్తికొచ్చింది. నేను మా ప్రహరీ మీది నుంచి మెల్లగా అడిగాను.

"సత్తమ్మా, నీళ్లింక అయిపోలేదా?"

"ఎప్పుడో అయిపోయినయి జీనతూ. రెండు చేతులు ఒళ్లో పెట్టుకోని ఊకెనే కూసున్న. ఎంత మంచిగున్నదో."

నేను ఇంట్లోకి వెళ్లి, నిండు బకెట్ తెచ్చి బాత్రూం గోడ మీది నుంచి లోపలికి అందించాను.