కాలువ బ్రిడ్జి సందులు

బాన్సువాడ నుంచి కోటగిరి పోయే దారిలో మా కాలువ మీది ఇరుకు బ్రిడ్జి కూల్చి కొత్తది కడతామంటే అందరికంటే ముందు సంతోషించింది నేనే. నా కోపమంతా వాళ్లు పని చేసిన తీరు మీద.

కాలువకు నీళ్లు బంద్ అయితేనే బ్రిడ్జి పని. అంటే యాసంగి కోతలయ్యాక, నడి ఎండల్లో. ఆ పాత బ్రిడ్జి స్లాబుల మధ్య సందుల్లో నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ గబ్బిలాలున్నాయి. మా వరి మీది పురుగుల్ని తినిపెట్టేవి అవే. మిషన్ పెడితే మొహాల మీదికి ఎగురుతాయని కూలీలు జంకితే, సందులన్నీ సిమెంటుతో పూడ్చమన్నాడు సైటు ఇంజినీరు. అవి వేరే చోటు వెతుక్కునేదాకా ఆగమని నేను అడిగితే ఫోన్‌లోంచి తల కూడా ఎత్తలేదు.

"గబ్బిలాయిలను గూడ పర్మిషన్ అడగాల్నా సార్? నీళ్లిడిసేలోపు పని కావాలె."

ఒళ్లు మండిపోయింది. చెవిటివాడి ముందు శంఖం ఊదడం దేనికని మేస్త్రీని పట్టుకున్నాను. పగలు పూడిస్తే అన్నీ లోపలే చస్తాయి, సాయంత్రం మేతకు పోయాక మూయమని ఒకటికి పదిసార్లు చెప్పాను. ముప్పై ఏళ్లు బడిలో సైన్సు చెప్పిన వాణ్ని కదా, అతను తలూపాడు.

మర్నాడు పొద్దున్నే వెళ్తే సందులన్నీ నున్నగా మూసి ఉన్నాయి. గబ్బిలాలు మాత్రం ఎక్కడికీ పోలేదు. తెల్లారినా ఆ సిమెంటుకు తగులుతూ, జారుతూ, మళ్లీ ఎగురుతూ ఉన్నాయి. చెవి ఆనిస్తే లోపలి నుంచి సన్నని కీచు అరుపులు. మేస్త్రీని నోటికొచ్చినట్టు తిట్టాను.

"నన్నెందుకు తిడ్తుండ్రు సార్? అన్ని పోయినంకనే మూసినం. మీరు చెప్పినట్టే చేసినం గద."

సుత్తి, ఉలి తెచ్చింది కూడా అతనే. ఇద్దరం కలిసి పగలగొట్టాం. మొదటి సందులో పిల్లలు కదిలాయి. తల్లులు మా చేతుల మీదుగానే లోపలికి దూరాయి. చివరి సందు తెరిచేసరికి ఎండెక్కింది. అందులో ఏదీ కదల్లేదు.

మిగిలిన పిల్లలు ఎగరడం నేర్చేదాకా అవతలి ఒడ్డున పునాది పని చేసుకున్నారు. ఆ పనే ముందు పెట్టుకుంటే వాళ్ల సొమ్మేం పోయేది? కొత్త బ్రిడ్జికి ఒక్క సందు కూడా వదల్లేదు. ఆ ఇంజినీరు తలపుకొస్తే ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటాను.

కానీ గబ్బిలం పక్షి కాదని, పిల్లల్ని కని పాలిచ్చే జంతువని ఏటా బడిలో చెప్పింది నేనే. తప్పు రాసిన పిల్లల చేత పదేసి సార్లు రాయించాను. మూయమని చెప్పిన రోజు, లోపల పాలు తాగే పిల్లలుంటాయని నాకే గుర్తు రాలేదు.